పుట్టిలో తడిగుడ్డ

పంతొమ్మిది వందల అరవైల్లో బొంబాయి రేవులో ఒక షావుకారు చిన్న షికారు పడవ మీద ఏసీ యంత్రం చూసుకునేవాణ్ణి. నా భార్యది పామిడి. ఆమె పోయాక, పెన్నలో కలపమని కోరిన ప్రకారం అస్థికల కుండతో గుంతకల్లులో రైలు దిగి పామిడి చేరాను. ఆ ఏడు పెన్నలో నీళ్ళున్నాయి. పుట్టి నడిపే పెద్దాయన ఏటి నడుమకు తీసుకుపోతూ కుండలో ఎవరని, నా పని ఏమిటని అడిగాడు. చెప్పాను.

“నీళ్ళ మీద కరెంటు యాడిదప్పా?”

“దానికోసం వేరే ఇంజను ఉంటుంది. పడవ ఆగినా అది తిరుగుతూనే ఉంటుంది.”

“కూచ్చున్నోనికి సల్లగుండేదానికి ఒక ఇంజనా!” అని నవ్వాడు. కుండ వైపు చూసి, “మరి ఈయమ్మకు ఏం పెట్టినావప్పా?” అన్నాడు.

బొంబాయిలో మా గదికి కిటికీ లేదు. ఫ్యాను కొంటానని మూడు వేసవులు చెప్పాను.

ఆయన తెడ్డు ఆపి, తలగుడ్డ విప్పి ఏట్లో ముంచాడు. నాకే అనుకుని చేయి చాపాను. ఆయన దాన్ని నా ఒడిలోని కుండకు చుట్టాడు.

“నీకేమప్పా, తట్టుకుంటావు. ఆయమ్మ ఎండన పడి వచ్చిండాది. మా పక్క కాలిన కుండను ఏటికియ్యం. సల్లబడనీ.”

కుండ మీద చేయి పెట్టుకుని కూర్చున్నాను. అది చల్లబడింది. అయినా చాలాసేపు ఆయనకు చెప్పలేదు.