నీళ్ళు తరిగే చప్పుడు

బాయిలరాయనకు రెండు విషయాల్లో గర్వం. ముప్పై నాలుగేళ్ళు బాయిలర్ల షెడ్డులో రివెట్లు కొట్టి, పది వేళ్ళూ పదిలంగా ఇంటికి తెచ్చుకోవడం ఒకటి. తన చేత్తో చేసుకున్న చిన్నింజను బాయిలరు పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా మాడకపోవడం రెండోది. మొదటిది ఎవరైనా అడిగితే చెప్పేవాడు. రెండోది అడక్కపోయినా చెప్పేవాడు.

వేళ్ళయితే తెచ్చుకున్నాడు గానీ చెవులు షెడ్డులోనే వదిలేసి వచ్చాడు. బయట ఒకడు సమ్మెట వేస్తుంటే, బాయిలరు కడుపులో దూరి రివెట్టు తలను అదిమి పట్టుకోవడం ఆయన పని. ఆ చప్పుడు ఎముకల్లోంచి పోయేది. రిటైరయ్యేనాటికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి మాత్రం దగ్గరకొచ్చి గట్టిగా అరిస్తే కాస్త పలికేది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఆయనొక్కడే ఒప్పుకునేవాడు కాదు. "మీరే నోట్లో నోట్లో గొణుగుతున్నారు" అని ఎదుటివాళ్ళ మీదే నేరం మోపేవాడు.

చిన్నింజను నిజంగానే చిన్నది, జానెడు పొడవు. ఇత్తడి గొట్టం కోసి, రెండు చలికాలాలు కూర్చుని, టంకం పెట్టి అతికాడు. బొమ్మ కదా అని తేలిగ్గా తీసేయడానికి లేదు. కడుపులో నీళ్ళు, కింద స్పిరిట్ దీపం, పైన పొగగొట్టం, అన్నీ పెద్దదానికి ఉన్నట్టే. వెనక గదిలో నాలుగు గోడల వెంబడీ నడుమెత్తున పలకలు కొట్టి, వాటిమీద పట్టాలు పరిచాడు. అగ్గిపుల్లలతో ఒక స్టేషను, అట్టతో ఒక సొరంగం, గుమ్మం దగ్గర ఎత్తి దించుకునే వంతెన. ఇలాంటి ఆవిరింజన్లు చేసుకునేవాళ్ళకు ఊళ్ళో ఒక సంఘం ఉంది, అందులో మిగతావాళ్ళవి మనిషి ఎక్కి కూర్చునేంత పెద్దవి. ఈయనదాన్ని చూసి వాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. "మీవన్నీ ఎన్నిసార్లు మాడాయో లెక్క చెప్పండి, తర్వాత నవ్వుదురుగాని" అనేవాడీయన. దాంతో వాళ్ళ నోళ్ళు మూతపడేవి.

ఎందుకంటే నీళ్ళయిపోయాక కూడా మంట వెలుగుతుంటే బాయిలరు మాడిపోతుంది, పైగా అంత చిన్న బాయిలరుకు నీళ్ళెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం ఉండదు. అందుకని ఒక కొలత ఉంది. మందు సీసా మూతతో ఎనిమిది మూతల నీళ్ళు పోస్తే, స్పిరిట్ మూడు మూతలకు మించి పోయకూడదు. నీళ్ళు ఇంకా మిగిలి ఉండగానే మంట దానంతటది ఆరిపోవాలి. ఇది సంఘంలో చేరిన మొదటి రోజే చెప్తారు. కానీ బండి మంచి ఊపులో ఉండగా, చక్రాలు గిరగిరా తిరుగుతుండగా దీపం ఆరిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. బాయిలరాయన మూడు మూతలతో ఆగే మనిషి కాదు. బండి ఆగకూడదని ఇంకో మూత, ఆశ చావక ఇంకో అర మూత ఒంపేవాడు.

సరిగ్గా అప్పుడే గదిలో లైటు రెండుసార్లు ఆరి వెలిగేది.

ఆ లైటు ఆవిడ పని. ఆవిడంటే ఆయన ఇల్లాలు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పాతికేళ్ళు ఆపరేటరుగా చేసింది. అవతల మనిషి నోరు విప్పకముందే, ఊపిరిని బట్టి ఎవరో చెప్పగలదని పేరు. ఇంజనును ఆవిడ "మీ చిన్నావిడ" అనేది. మొగుడికి పిలిస్తే వినపడదు కాబట్టి, గుమ్మం దగ్గర నిలబడి లైటు స్విచ్చి రెండుసార్లు నొక్కేది.

"కుళాయి కారుతోంది, చూడండి."

లేకపోతే "అటక మీద డబ్బా దించాలి." అదీ కాకపోతే "వీధి తలుపు దగ్గర ఎవరో వచ్చారు."

"వస్తున్నానే తల్లీ, కొంపలేం అంటుకోలేదు కదా" అని విసుక్కుంటూ లేచేవాడు. వెలుగుతున్న మంటను వదిలి బయటికి అడుగు పెట్టకూడదని షెడ్డులో నూరిపోసిన పాఠం. దీపం మీద మూత పెట్టేసి వెళ్ళేవాడు. కుళాయి కారేది కాదు. వీధి తలుపు దగ్గర పిట్ట కూడా ఉండేది కాదు. తిరిగొచ్చేసరికి ఇంజను చల్లారిపోయేది. "బండి రంజుగా ఉన్నప్పుడే దీనికి పని గుర్తొస్తుంది. సవతి పోరంటే ఇదే" అని సంఘంలో చెప్పి నవ్వించేవాడు.

మొదటి ఏడాది మాత్రం ఒకసారి ఆవిడ డొంకతిరుగుడు లేకుండానే చెప్పింది. చెవి దగ్గరకొచ్చి, "నీళ్ళు అయిపోతున్నట్టున్నాయండీ. చప్పుడు మారింది, పొడిగా వస్తోంది" అంది. ఆయనకు ఎక్కడలేని రోషం వచ్చింది. "బాయిలర్లతో కాపురం చేసినవాడిని. నాకు నువ్వు చెప్పొచ్చావా?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు కూడా. ఆవిడ ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాతే ఇంట్లో కుళాయిలు కారడం మొదలయింది.

పోయిన ఏడాది ఒక పొద్దున, ఆవిడ బట్టలు పిండుతూ పిండుతూ బకెట్టు పక్కన ఒరిగిపోయింది. పక్షవాతం. కుడి వైపంతా పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక వెనక గదిలోనే పడుకోబెట్టారు. స్నానాలగది ఆనుకుని ఉన్నది ఆ గదికే. నాలుగు గోడల వెంబడీ పట్టాలు, మధ్యలో మంచం.

కూతురు రెండు వీధుల అవతల ఉంటుంది. రోజూ సాయంత్రం వచ్చి తల్లికి ఒళ్ళు తుడిచి వెళ్తుంది. తల్లి ఎడమ చేతి కింద ఒక మీట పెట్టి, మంచం తలవైపు ఒక బల్బు బిగించింది. "నాన్నా, నీకు వినపడదు, అమ్మకు మాట రాదు. ఏదైనా కావాలంటే అమ్మ ఇది నొక్కుతుంది. నువ్వు ఒక్కొక్కటే అడుగు. అవునంటే కళ్ళు మూస్తుంది, కాదంటే తల అడ్డంగా తిప్పుతుంది" అని చెవిలో అరిచి చెప్పింది.

నాలుగు నెలలు ఆవిడ ముఖంలో ఏ కదలికా లేదు. కూతురొచ్చినా అంతే, వంటింటి కిటికీ తెరిచి ఎండ చూపించినా అంతే. ఒకనాడు ఏం తోచక బాయిలరాయన ఇంజను వెలిగించాడు. అది మంచం చుట్టూ తిరగడం మొదలుపెట్టగానే ఆవిడ కళ్ళు దాని వెంట తిరిగాయి. పెదవి ఎడమ కొస కాస్త పైకి లేచింది. ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ రోజు నుంచి పూటకోసారి నడిపేవాడు. ఇన్నాళ్ళూ తన సరదా అనుకున్నది ఇప్పుడు ఆవిడకు మందు అయింది. లోకంలో ఆవిడను కదిలించేది ఆ జానెడు ఇత్తడి ముక్క ఒక్కటే అని గట్టిగా నమ్మాడు. అది నిజం కూడా.

జరిగింది ఒక మధ్యాహ్నం. ఎనిమిది మూతల నీళ్ళు, మూడు మూతల స్పిరిట్ పోశాడు. బండి హుషారుగా పరుగెడుతోంది. ఆవిడ కళ్ళు సొరంగంలోకి పోయిన బండి బయటికొచ్చేదాకా అక్కడే కాచుకుని ఉన్నాయి. అది చూసి ఆయన మనసు కరిగిపోయి, నాలుగో మూత ఒంపాడు.

కాసేపటికి బల్బు రెండుసార్లు వెలిగింది.

ఆయన గబగబా మంచం దగ్గరికెళ్ళాడు. "దాహమా?" కాదంది. "పక్క మార్చనా?" కాదంది. "నడుం నొప్పా? దుప్పటి తీసేయనా? బాత్‌రూమా?" అన్నిటికీ తల అడ్డంగానే తిరిగింది. ఆవిడ చూపు ఇంజను మీదికి పోయి మళ్ళీ ఆయన మీదికొచ్చింది. ఆయన ముఖం విప్పారింది.

"ఇంకొంచెంసేపు నడపమంటావా?"

ఆవిడ తల అడ్డంగా తిప్పుతూనే ఉంది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు. ఆవిడ చేత బతిమాలించుకోకూడదని మరో మూత నిండా పోశాడు. బల్బు రెండుసార్లు, ఆగి రెండుసార్లు, మళ్ళీ రెండుసార్లు వెలిగింది. ఆయన చూశాడు. సంబరపడుతోంది అనుకున్నాడు. బండి ఒక్కసారిగా వేగం అందుకుంది. చుక్క నీళ్ళు లేకుండా మిగిలిన ఆవిరితో అలా ఒక్క చుట్టు ఉరుకుతుందని ఏ బాయిలరు మనిషినడిగినా చెప్తాడు. ఆయనా చెప్పగలడు, ఇంకొకరిదైతే.

ముందు వాసన వచ్చింది. షెడ్డులో పాతికసార్లు పీల్చిన వాసన, ఖాళీ కడుపుతో ఇనుమూ ఇత్తడీ కాలుతున్న వాసన. తిరిగి చూసేసరికి స్టేషను ముందు ఇంజను ఆగిపోయి ఉంది. పొగగొట్టం ఒక పక్కకు వాలిపోయింది. అతుకుల్లో టంకం కరిగి, పట్టాల మీద చుక్కలు చుక్కలుగా పడి గడ్డకట్టింది. కింద దీపం మాత్రం దర్జాగా వెలుగుతోంది.

మూత పెట్టాడు. బల్బు ఇంకా ఆరి వెలుగుతూనే ఉంది. రెండుసార్లు, కాస్త ఎడం, రెండుసార్లు. ఆ లెక్క ఆయనకు కొత్తది కాదు. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నదే. అప్పుడు ఆయనకు అర్థమైంది. మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"కుళాయి కారలేదు కదూ?" అన్నాడు.

ఆవిడ కళ్ళు మూసి తెరిచింది.

"తలుపు దగ్గర ఎవరూ వచ్చేవాళ్ళు కాదు కదూ?"

మళ్ళీ కళ్ళు మూసి తెరిచింది. మూసినప్పుడల్లా కొసల్లోంచి నీళ్ళు చెవుల వైపు జారాయి.

"అటక మీద డబ్బాలో కూడా ఏం లేదు కదూ?"

ఏం లేదు.

"మరి చెప్పొచ్చు కదే" అనబోయి నోరు మూసుకున్నాడు. చెప్పింది. ఒకసారి చెప్పింది. ఆ ఒక్కసారికి ఆయన ఏమన్నాడో ఆయనకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. సంఘంలో పదిమంది ముందు ఛాతీ విరుచుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. ఆ గొప్పంతా వంటింట్లో చేతులు తుడుచుకుంటూ లేచొచ్చిన మనిషిది. సవతి పోరని నవ్వించిన మాట గుర్తొచ్చి, తలెత్తి ఆవిడను చూడలేకపోయాడు. థాంక్స్ చెప్పడం ఆయనకు అలవాటు లేదు. చెప్పినా, తిరిగి ఒక్క మాట అనడానికి ఆవిడకు నోరు లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు మంచం పక్కనే చిన్న బల్ల వేసుకుని ఇంజను విప్పాడు. ఈసారి గట్టి టంకంతో, అంత తొందరగా కరగనిదానితో అతకడం మొదలుపెట్టాడు. ఒక్కో అతుకూ అయ్యాక ఆవిడ ఎడమ చేతికి అందించేవాడు. ఆవిడ బొటనవేలితో రుద్ది చూసేది. "ఇక నీ లైటే నాకు చెవి. నువ్వు ఆపమన్న క్షణం ఆపేస్తా" అన్నాడు. ఆవిడ కళ్ళు మూసి తెరిచింది. అంత మర్యాదగా ఆయన ఆవిడతో మాట్లాడడం పెళ్ళయ్యాక అదే మొదలు. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటింది.

ఇంకో రెండు రోజుల పని ఉందనగా ఆవిడకు పక్షవాతం రెండోసారి వచ్చింది.

పదహారు రోజులు ఆస్పత్రిలో ఉంచి పంపేశారు. డాక్టరు చెప్పింది ఆయనకు వినపడలేదు. కూతురు కాగితం మీద రాసి ఇచ్చింది. "ఎడమ చెయ్యి కూడా పోయింది. మనల్ని గుర్తు పడుతోందో లేదో చెప్పలేమన్నారు." ఆయన ఆ కాగితం చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివాడు.

ఇంటికొచ్చాక ఇంజను పని పూర్తి చేశాడు. కూతురు చూసి, "ఎందుకు నాన్నా ఇంకా ఇది? పోనీ, నడిపితే ఒక గడియారం పెట్టుకుని నడుపుకో" అంది. ఆయన వినపడనట్టు ఊరుకున్నాడు. ఆ ఒక్కసారి ఆయనకు స్పష్టంగా వినపడింది.

ఆ పిల్ల వెళ్ళాక తలుపు దగ్గరకేసి, ఎనిమిది మూతల నీళ్ళు పోశాడు. స్పిరిట్ మూడు మూతలు పోశాడు. కాసేపు చేతిలో సీసా పట్టుకుని నిలబడి, నాలుగోది పోశాడు. ఐదోది కూడా పోశాడు. పొరపాటున కాదు, తెలిసే పోశాడు. వెలిగించాడు.

బండి కదిలింది. ఆయన దానివైపు చూడలేదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని, తలవైపు బల్బు మీద కళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి, పైకప్పు వైపు. బండి కాళ్ళ దగ్గరి నుంచి, తలవైపు నుంచి, మళ్ళీ కాళ్ళ దగ్గరి నుంచి పోయింది. కళ్ళు వెంట పోలేదు.

"తప్పు చేస్తున్నానే. ఎక్కువ పోశాను" అన్నాడు. బల్బు వెలగలేదు.

"మళ్ళీ మాడుతుంది. చూస్తూ ఊరుకుంటావా?" అన్నాడు. ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. బల్బు వెలగలేదు. వేడెక్కుతున్న ఇత్తడి వాసన సన్నగా తగిలింది. ఇంకొక్క చుట్టు చూశాడు. ఇంకొక్కటి చూశాడు.

అప్పుడు వంగి, దుప్పటి మీద చల్లగా పడి ఉన్న ఆవిడ ఎడమ చెయ్యి తీసుకున్నాడు. చూపుడు వేలు మీట మీద ఆనించి, దానిమీద తన వేలు పెట్టి నొక్కాడు. ఒకసారి. ఇంకోసారి. బల్బు రెండుసార్లు వెలిగి ఆరింది.

"వస్తున్నానే తల్లీ" అన్నాడు. "కొంపలేం అంటుకోలేదు కదా."

దీపం మీద మూత పెట్టాడు. ఇంజను సొరంగం ముందు ఆగిపోయింది. లేచి గుమ్మం దాకా నడిచి, ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.