స్టేషన్‌కు రాని తీగ

నా చిన్నప్పుడు, అంటే ఎనభైల నాటి మాట, ముంబై కామాఠిపురలో, వరసగా ఒంటి గదులుండే చాల్‌లో, మా గదికి పట్టపగలు కూడా బల్బు వెలగాల్సిందే. ఆ చీకటి గదిలో మా నానమ్మ మనీ ప్లాంట్ పెంచింది. ఇక్కడ గడ్డి కూడా మొలవదన్న వాళ్ళందరి ముందే పెంచింది. పూల తీగలు ఆమెకు గిట్టేవి కావు, ఎండ కావాలని మారాం చేస్తాయనేది. ఏరికోరి నీడలో బతికే తీగనే తెచ్చుకుంది. పాత నూనె డబ్బాలో నాటిన ఆ తీగ గోడ మేకుల మీదుగా పాకి, తాతయ్య ఫోటోను చుట్టుకుని, తలుపు పైదాకా వచ్చింది.

దానికి నీళ్ళు పోసే అధికారం ఇంట్లో ఇంకెవరికీ లేదు. నానమ్మే మట్టిలో వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోసేది. ఆదివారం తడిగుడ్డతో ఆకుల మీది దుమ్ము తుడవడం నా పని. ఒక్క ఆకు చిరిగినా నా చెవి ఆమె చేతిలో ఉండేది.

మా మేనత్తను వర్లీలో ఇచ్చారు. పెళ్ళయ్యాక ఆమె మా గడప తొక్కలేదు. ఎందుకో ఆమె చెప్పేది కాదు గానీ చాల్‌లో అందరికీ తెలుసు. పక్క గల్లీల్లో ఆడవాళ్ళ బతుకులతో వ్యాపారం సాగేది. దాంతో మా పేట పేరెత్తితే చాలు, జనం అదోలా చూసేవారు. నానమ్మ ఆ ఆడవాళ్ళను పల్లెత్తు మాట అనేది కాదు, అక్కడికి వచ్చే మగవాళ్ళను మాత్రం గదుల ముందుండే గ్యాలరీలో నిలబడి మరీ తిట్టేది. అత్తేమో వర్లీలో అందరికీ తన పుట్టిల్లు గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర అని చెప్పుకునేది. తల్లిని చూడాలనిపిస్తే ఆ స్టేషన్ దాకా వచ్చి, కబురు పంపి, టికెట్ కిటికీ పక్కన నిలబడేది. నానమ్మ పచ్చడి సీసా, జొన్నరొట్టెలు మోసుకుని అక్కడికే వెళ్ళేది. రైళ్ళ చప్పుడులో తల్లీకూతుళ్ళు గట్టిగట్టిగా కాసేపు మాట్లాడుకుని విడిపోయేవారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి అత్త ఇంట్లో మనీ ప్లాంట్ చచ్చిపోయింది. రోజూ నీళ్ళు పోసి వేళ్ళు కుళ్ళబెట్టింది. స్టేషన్‌కు వచ్చి, మా తీగలోంచి ఒక ముక్క సంచిలో పెట్టి తెమ్మని కబురు చేసింది. నానమ్మ కొంగు బిగించింది. మూట కట్టిన పచ్చడి సీసా తీసి మళ్ళీ గూట్లో పెట్టేసింది. నన్ను పిలిచి వట్టి చేతులతో పొమ్మంది.

"తీగ స్టేషనుకు రాదని చెప్పు. పుట్టిన ఇంటికొచ్చి, తన చేత్తో కోసుకుంటెనే ఇస్తనని చెప్పు. లేకుంటె పచ్చడి గూడ బంద్."

నేను ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అత్త ముఖం ఎర్రబడింది. "మా అమ్మకు జిద్దు ఎక్కువైంది" అంటూ బస్సు వైపు నడిచింది. ఇక ఈ తల్లీకూతుళ్ళు మళ్ళీ కలవరేమోనని నాకు ఏడుపొచ్చింది. అంతలో ఆమె ఆగి, వెనక్కి వచ్చి, నా చెయ్యి పట్టుకుంది. మా పేటకు వెళ్ళే ఫోరస్ రోడ్ పొడుగునా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, నన్ను ఈడ్చుకుంటూ నడిచింది.

పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. నానమ్మ కత్తెర చేతికిచ్చింది, అంతే. ఆకు మొదట్లో, కణుపు దగ్గర గోధుమరంగు బుడిపె చూపించి, వేరు పుట్టేది అక్కడేనని, దాని కిందికి కోయాలని చెప్పింది. అత్త మంచి కణుపు కోసం వెతుక్కుంటూ తండ్రి ఫోటో దాకా వెళ్ళి, అక్కడ నిలబడిపోయి ఏడ్చేసింది. నానమ్మ వద్దనలేదు. ఏడుపయ్యాక రొట్టె పెట్టింది.

వెళ్ళేటప్పుడు అత్త తీగను సంచిలో పెట్టుకోబోతే నానమ్మ ఆ సంచి లాగేసుకుంది. తీగ ఒక చేతికి, పచ్చడి సీసా ఇంకో చేతికి ఇచ్చింది.

"ఇట్లనే పట్టుకొని పో. ఎక్కడిదని అడిగితె కామాఠిపుర అని చెప్పు. మన తాతలు రాళ్ళు మోసి ఈ షహర్ కట్టిండ్రు. ఆ కామాఠీల పేరే ఈ పేటకు పెట్టిండ్రు. ఎవడో పాడు చేసిండని మన పేరు మనమే ఇడిసిపెడ్తమా?"

అత్త గడప దాటింది. మెట్లు దిగుతుంటే కింది గదుల ఆడవాళ్ళు ఎవరీమె అని ఆరా తీశారు. నా బిడ్డ అని నానమ్మ గ్యాలరీలోంచి గల్లీ మొత్తానికి వినిపించేలా చెప్పింది. అత్త గల్లీ చివరిదాకా ముఖం దాచుకోకుండానే నడిచింది. కొంగు లాక్కుందామంటే రెండు చేతుల్లో ఏదీ ఖాళీగా లేదు మరి. నానమ్మ ఆ సంచి ఎందుకు లాక్కుందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత వచ్చిన పండక్కి అత్త మామయ్యను వెంటబెట్టుకుని ఇంటికే వచ్చింది.

ఆ తీగ పిల్ల ఇవాళ్టికీ నా గదిలో ఉంది. ముక్క కావాలని ఎవరడిగినా ఇస్తాను, కానీ ఎక్కడికీ పంపను, ఇంటికి రమ్మంటాను. ఇల్లెక్కడ అంటే, గ్రాంట్ రోడ్ దగ్గర అని నసగను. వాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసి కామాఠిపుర అంటాను. ఆ పేరు విని రావడం మానుకున్న వాళ్ళకు నా దగ్గర తీగ లేదు.