ఇంట్లో తెలుగు ఆపేయమన్న ఏడాది

మా చిన్నప్పుడు... మరీ పాతకాలం కాదులెండి, మాస్కులు పెట్టుకుని బడికి వెళ్ళిన రోజులే... అబూదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని మా వంటింట్లో తమ్ముడు ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వాడికి దాహం. అమ్మ చేతిలో నీళ్ళ గ్లాసు. వాడు "వాటర్" అంటేనే ఇవ్వాలి.

వాడు అనలేదు...

తమ్ముణ్ణి మేమంతా చిన్నోడు అంటాం. ఆరేళ్ళు వచ్చినా వాడికి వచ్చిన మాటలు చాలా తక్కువ. నీళ్ళు, అమ్మ, అక్క, ఆవకాయ... అన్నీ తెలుగే. ఇలాంటి పిల్లలకు నేర్పే టీచర్లు మా దగ్గర లేరు, బయటి సెంటర్ నుంచి మీరే ఎవరినైనా తెచ్చుకోండి, లేకపోతే వచ్చే ఏడాది సీటు కష్టం అని బడివాళ్ళు చెప్పేశారు.

వెతగ్గా వెతగ్గా కేరళ టీచర్ ఒకావిడ దొరికింది, ఆవిడకూ ఒక పాప ఉంది. బడికే వచ్చి, చిన్నోణ్ణి పక్క గదికి తీసుకెళ్ళి మాటలు నేర్పేది. తన పెదాలు వాడికి కనపడాలని మాస్కు తీసి ఫేస్ షీల్డ్ పెట్టుకునేది. మంచి మనిషి... అది ఒప్పుకోవాలి.

కానీ మొదటి వారమే ఒక మాట చెప్పింది. బడి ఇంగ్లీషులోనే కాబట్టి ఇంట్లో తెలుగు ఆపేయండి, ఒకే భాష అయితే త్వరగా పట్టుకుంటాడు అని.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. రాసిన మందు వేళకు ఇచ్చినట్టే ఈ మాటనూ పాటించింది. తపేళా, గరిటె, చెంబు... దేనికి ఇంగ్లీషులో ఏమంటారో వెతుక్కునేవాళ్ళం. సాయంత్రం కుటుంబ ప్రార్థన నాన్న ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండు ముక్కలకే ఆమెన్ అనేసేవారు. నవ్వొచ్చేది. కానీ మాతోపాటు ఆమెన్ అని అరిచే చిన్నోడు అరవడం మానేశాడు. ఉన్న నాలుగు మాటలూ పోయాయి...

ఆ రోజు ఫ్రిజ్ దగ్గర వాడు చాలాసేపు అమ్మ నోటివంకే చూశాడు. తర్వాత నీళ్ళు తాగకుండానే వెళ్ళి పడుకున్నాడు. అమ్మ వంటింట్లో కూలబడి ఏడ్చింది. తర్వాత వెళ్ళి వాణ్ణి ఒళ్ళో వేసుకుని, నీళ్ళు తాగమ్మా, నీళ్ళు... అంటూ పట్టించింది.

నాన్నతో ఒకటే మాట అంది. "ఖలాస్ అండి. సీటు ఉంటే ఉంటది, పోతే పోద్ది. రేపట్నుంచి నా బిడ్డతో నా మాటే మాట్లాడతాను."

మర్నాడు డ్యూటీ బట్టల్లోనే బడికి వచ్చింది. నేనూ అదే బడి కాబట్టి నన్నూ పిలిపించింది. ఎదురుగా బడి సూపర్‌వైజర్, ఆ టీచర్. అమ్మ తనకొచ్చిన హిందీలో టీచర్ని అడిగింది.

"మీ పాపతో ఇంట్లో ఏ భాష మాట్లాడతారు మేడమ్?"

టీచర్ మెల్లగా, మలయాళం అంది.

"మరి మావాడి భాష ఎందుకు తీసేయమన్నారు?"

సీటు సంగతి మళ్ళీ ఆలోచించాల్సి వస్తుందన్నాడు సూపర్‌వైజర్. ఆలోచించుకోండి, అప్పటిదాకా వాడు ఆ క్లాసులోనే కూర్చుంటాడు, తెలుగు వచ్చే పిల్లాడిగానే కూర్చుంటాడు అంది అమ్మ. అంత గర్వం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

టీచర్ మాత్రం తన ఫోన్ నా ముందు పెట్టి, చిన్నోడి మాటలన్నీ చెప్పమని రికార్డు చేసుకుంది. ఆ తర్వాత బొమ్మ చూపించి ముందు నీళ్ళు అనేది, తర్వాతే వాటర్. ఆవిడ "ళ" మా అందరికంటే బాగా పలికేది!

చాలా వారాలు పట్టింది... ముందు నీళ్ళు అన్నాడు. తర్వాత వాటర్ కూడా అన్నాడు. సీటూ పోలేదు.

ఇప్పుడు ఆ బడిలో ఇలాంటి పిల్లలకు సొంత టీచర్లున్నారు. బయట వెతుక్కోమనే రోజులు అక్కడ పోయాయి, సంతోషం. కానీ ఇంట్లో మీ భాష ఆపేయండి అనే మాట ఇప్పటికీ ఎవరో ఒక తల్లి వింటూనే ఉంది... మీకూ చెప్పారా? మీరేం చేశారు? కింద రాయండి, మా అమ్మకు చదివి వినిపిస్తాను.

చిన్నోడికి ఈమధ్య క్లాసులో మాట్లాడుతున్నందుకే చీవాట్లు. ఇంట్లోనూ రెండు భాషల్లో ఒకటే గోల... అయినా మా ఇంట్లో వాణ్ణి నోర్మూసుకో అనే హక్కు ఎవరికీ లేదు. అమ్మ ఒప్పుకోదు.