భూమి పండుగ తాడు, ఒకటో తరగతి

ఆ ఏడు మా ఊరి బడి తెరిచి వారం దాటినా ఒకటో తరగతిలో ఎవరూ చేరలేదు. పిల్లలు లేక కాదు. ఐదేళ్లు నిండినవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. ఎవరు ఏ నెలలో పుట్టారో కూడా నాకు తెలుసు. బొగ్గు కంపెనీ ఆఫీసులో జీతాల లెక్కలు చూసి రిటైరయ్యాను. కొత్తగూడెం క్వార్టరు ఖాళీ చేసి అడవి అంచున ఉన్న ఈ ఊరికి వచ్చాక నాకు లెక్కపెట్టడానికి మిగిలినవి వానలూ, పిల్లలే.

ఎవరూ చేరకపోవడానికి కారణం దరఖాస్తులోని ఒక గడి. పిల్లకు ఏ మీడియం కావాలో అందులో రాయాలి. ఇంగ్లీషు అని రాస్తే మాజీ సర్పంచి మనిషి, తెలుగు అని రాస్తే ఎరువుల దుకాణం ఆయన మనిషి అని ఊళ్లో ముద్ర పడిపోయింది. ఇద్దరివీ వేర్వేరు పార్టీలు. ఇంగ్లీషు రాకపోతే మన పిల్లలు కూలీలుగానే మిగులుతారని ఒకాయన మైకులో చెప్పించాడు. అమ్మ భాషను చంపేస్తున్నారని రెండో ఆయన బడి ముందు టెంటు వేశాడు. ఊళ్లో సగానికి పైగా కోయ ఇళ్లు. ఆ ఇళ్లలో అమ్మలు మాట్లాడేది తెలుగు కాదన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఇద్దరి పిల్లలూ ఖమ్మంలో ప్రైవేటు బళ్లలో చదివినవాళ్లే. ఆ మాట ఇద్దరి ముఖం మీదా అన్నాను. ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు.

మా పక్కింట్లో నాకంటే రెండేళ్లు చిన్నదైన కోయ ఆవిడ ఉంటుంది. కొడుకూ కోడలూ పనికోసం వలస పోతే ఐదేళ్ల మనవరాలిని ఆమే సాకుతోంది. మాజీ సర్పంచి పొలంలో నాట్లు వేస్తేనే ఆమెకు కూలి. ఎరువుల దుకాణం ఆయన ట్రాక్టరు వస్తేనే ఆమె మెట్ట చెలక దున్నడం అయ్యేది.

"ఏది రాసినా ఒకలకు పగైతం అక్కా. నువ్వేం రాయమంటవ్?" అని అడిగింది.

"నన్నడగకు చెల్లె. నేను తెలుగులో చదివి ఇంగ్లీషులో లెక్కలు రాసినదాన్ని. రెండూ కావాలంటా."

"గట్లనే అంటవ్. రెండిట్ల కాళ్లు పెట్టినోళ్లకు మీకేం బాధ."

ఇంతలో హెడ్మాస్టరు ఇంకో కబురు చెప్పాడు. కొత్త పిల్లలు చేరకపోతే ఒకటో తరగతిని వాగు అవతలి ఊరి బడిలో కలిపేస్తారట. అది తేల్చడానికి సోమవారం విద్యాశాఖ నుంచి ఒక ఆఫీసరు వస్తాడట. వానలు ముదిరితే ఆ వాగును పెద్దవాళ్లే దాటలేరు.

"అవుతలికైతే పంప. పిల్ల ఇంట్ల ఉంటది, మేకల ఎంబడి పోతది," అంది మా పక్కింటావిడ. చెప్పినంత తేలికగా ఆమె ముఖం లేదు.

సోమవారం అనగానే నేను హెడ్మాస్టరుతో, "ఆరోజు భూమి పండుగ కదా," అన్నాను.

"ఆఫీసు క్యాలెండర్ల లేదమ్మా," అన్నాడు.

భూమి పండుగ తొలకరి పడ్డాక, విత్తనం వేయకముందు వస్తుంది. కోయ మగవాళ్లంతా వేటకని అడవికి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని నిలబడతారు. వచ్చిన ప్రతి బండినీ ఆపి, పాట పాడి, ఇచ్చింది పుచ్చుకుని వదులుతారు. నవ్వుతూనే ఆపుతారు గానీ ఏదో ఒకటి ఇస్తే తప్ప కలెక్టరు వచ్చినా తాడు దించరు.

ఆ ఉదయం నేనూ గొడుగు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాను. పదిన్నరకు ఆఫీసరు జీపు వచ్చింది. ఆయన్ని ఎదురేగి తీసుకొచ్చినట్టు వెనకే నాయకులిద్దరూ చెరో బండి మీద వచ్చారు. ఆఫీసరు ఈ వైపుకు కొత్త. తాడునూ, దాని వెనక నలభై మంది ఆడవాళ్లనూ చూసి కాసేపు జీపులోనే కూర్చుండిపోయాడు. తర్వాత దిగి చేతులు జోడించాడు.

"చూడండమ్మా, రాస్తారోకోతో సమస్య తీరదు. మీ డిమాండ్ ఏందో చెప్పండి."

పాట ఆగిపోయింది. మాజీ సర్పంచి గబగబా ముందుకొచ్చాడు. "ఇంగ్లీషు మీడియం కోసం సార్. మా ఆడోళ్లు పొద్దటి సంది ఎండల నిలబడ్డరు."

"ఎవరి ఆడోళ్లు?" అన్నాడు దుకాణం ఆయన. "తెలుగు కోసం సార్, నేనే దగ్గరుండి..."

"మేము మీ ఇద్దరి ఆడోళ్లం గాదు. మా మగోళ్లు అడివిల ఉన్నరు," అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఆఫీసరు నాయకులను ఆగమని, తాడు కొస పట్టుకున్న మా పక్కింటావిడ వైపు తిరిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను గొడుగు మార్చి పట్టుకున్నాను.

"అడిగినవ్ గాబట్టి చెప్తున్న సారూ," అంది. "పిల్ల ఈ బడికే పోవాలె. వాగు దాటియ్యం. ఏ మీడియమో పెద్దోళ్లు మీరు తేల్చుకోన్రి. ఆ గడిల మమ్మల్ని రాయమంటే కూలికి ఎవలూ పిలువరు."

"ఇంకా?"

"మొదటి ఏడు మా మాట తెలిసినోళ్లు ఒకలు పిల్లల కాడ కూసోవాలె. ఆటెన్క ఇంగ్లీషన్న చెప్పున్రి, తెలుగన్న చెప్పున్రి."

ఆఫీసరు హెడ్మాస్టరును పిలిచి దరఖాస్తులు తెప్పించాడు. వయసు చూసి చేర్చుకోమన్నాడు. మీడియం గడి ఖాళీగా వదిలేయమనీ, ఆ సంగతి తర్వాత తల్లిదండ్రుల సమావేశంలో తేల్చుకుందామనీ చెప్పాడు. జీపు బానెట్ మీదే కాగితాలు పరిచారు. పండుగ కాబట్టి తొమ్మిది మంది పిల్లల తల్లులో, నాయనమ్మలో అందరూ అక్కడే ఉన్నారు. ఒక్కొక్కరే వచ్చి సంతకమో, వేలిముద్రో వేశారు. ఎవరి కాగితమూ ఇంకొకరి దాంతో కలవకుండా నేను పక్కన నిలబడి చూశాను.

పని అయ్యాక ఆఫీసరు, "ఇగ తాడు తియ్యండమ్మా," అన్నాడు.

"పైసలియ్యకుంట ఎట్ల తీస్తం సారూ?"

ఆయన ముఖం మాడిపోయింది. హెడ్మాస్టరు దగ్గరికెళ్లి, ఇది రాస్తారోకో కాదు, భూమి పండుగ అని చెవిలో చెప్పాడు. ఆఫీసరు తాడు వైపు చూశాడు, కాగితాల వైపు చూశాడు. ఒక్కసారిగా నవ్వు వచ్చిందాయనకు. జేబులోంచి నోటు తీసి ఇచ్చాడు. జీపు వెనకే జారుకోబోయిన నాయకులను మాత్రం ఆపేశారు. "మీరు గూడ అన్నా. ఇద్దరు ఇయ్యాలె."

మీడియం గురించిన సమావేశం రెండుసార్లు వాయిదా పడింది. ఇంకా తేలలేదు. ఒకటో తరగతిలో కూర్చోవడానికి ఇంటర్ చదివిన ఒక కోయ అమ్మాయిని పెట్టారు. పాఠం రెండు భాషల్లోనూ ఉన్న పుస్తకంలోంచే చెబుతోంది, అర్థం మాత్రం కోయలో చెబుతోంది. ఆ అమ్మాయి జీతం నెలనెలా వస్తోందా అని హెడ్మాస్టరును అడుగుతూనే ఉన్నాను.

బడిని కాపాడింది మేమంటే మేమని నాయకులిద్దరూ బడి గేటుకు అటొకటి ఇటొకటి ఫ్లెక్సీలు కట్టించారు. గాలివానకు అవి ఊడిపడితే మా పక్కింటావిడ తెచ్చి మేకల కొట్టం మీద కప్పుకుంది.

ఇప్పుడు పొద్దున్నే గోడ అవతల రోజూ ఒకటే గొడవ. రెండో జడకు రిబ్బను కట్టకముందే పిల్ల లేచి బడికి ఉరుకుతుంది. ఈవిడ రిబ్బను చేత్తో పట్టుకుని తమ ఇంటి గేటుదాకా వచ్చి, తిట్టుకుంటూ అక్కడే నిలబడి చూస్తుంది.