గడ్డి నలకేనన్నాను

మామిడికాయలు ముగ్గబెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాచారంలో మేం అద్దెకున్న ఇంట్లో పేరు. ఆ పేరు నేనే తెచ్చుకున్నాను, నేనే చాటుకున్నాను. స్కూల్లో పాఠం చెప్పినట్టు ఇంటి ఓనరు పెద్దమ్మకు చెప్పేదాన్ని. కాయ ముచ్చికతో కొయ్యాలి, సొన కారిపోనివ్వాలి, తడి లేకుండా ఆరబెట్టాలి, గడ్డిలో ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. "మీ హైదరాబాదువాళ్ళు కార్బైడ్ తింటారు, మేం పండు తింటాం" అని కూడా అన్నానొకసారి. నోటి దురద, ఏం చెయ్యను! వీధి వీధినా ప్రత్యేక తెలంగాణ మాటే వినబడుతున్న రోజుల్లో కోస్తా నుంచి వచ్చిన మనిషి అనాల్సిన మాటేనా అది? పెద్దమ్మ నవ్వి ఊరుకుంది.

వాళ్ళది పాత నాచారం. పొలాలు పోయాక గదులు కట్టి అద్దెలకిచ్చిన కుటుంబం. ఆ ఎండాకాలం ఆమె కొడుకు పీర్జాదిగూడలో ఫ్లాటు కొన్నాడు. ఆదివారం గృహప్రవేశం, భోజనాల్లోకి మామిడిపండ్లు. అంతకు ముందు ఏడాది బజారు పండ్లు తిని ఆమె మూడేళ్ళ మనవరాలికి నోరంతా పుండ్లు పడ్డాయి.

"బిడ్డా, మా పిల్లకు బజారు పండు పడది. నువ్వైతే గడ్డిల పెడ్తవ్, నాకు ఫికరుండది. మీ ఊరికెల్లి కాయలు తెప్పియ్యి" అని మేడమీది మెట్లగది తాళంచెవి నా చేతిలో పెట్టింది.

మా ఊరి నుంచి బస్సులో మూడు బుట్టల కాయలొచ్చాయి. వాటితో పాటే వానా వచ్చింది. గడ్డి చెమ్మగిల్లింది. గురువారం పొద్దున కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసనే లేదు, నొక్కితే రాయి. కొన్నిటికి ముచ్చిక దగ్గర నల్లమచ్చ మొదలైంది. పెద్దమ్మ పూటపూటా మెట్ల కింద నిలబడి "మాగినయా బిడ్డా?" అని అడుగుతుంది. "ఆఁ, రంగు తిరుగుతున్నాయి పెద్దమ్మా" అంటాను నేను. పచ్చి అబద్ధం.

ఈసారి కాయలు పండేలా లేవు, ఏదైనా స్వీటు పెట్టుకోండి అంటే పోయేది. ఎవరూ ఉరి తియ్యరు. ఆ ఒక్క మాట నా నోట రాలేదు. శుక్రవారం ఉప్పల్ చౌరస్తా దగ్గర పండ్ల బండి అతన్ని బతిమాలి ఆరు కార్బైడ్ పొట్లాలు తీసుకున్నాను. కూరగాయల సంచి అడుగున దాచుకుని తెచ్చి బుట్టకు రెండు చొప్పున గడ్డిలోకి దోపాను. పిల్లకు పడదని తెలియదా? తెలుసు. దాని కోసం పది కాయలు విడిగా తీసి పక్కన పెట్టాను. ఎంత ఆలోచన గలదాన్నో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. సిగ్గులేకపోతే సరి.

మర్నాడు మధ్యాహ్నం కాయలు తిరగేసి కిందికొచ్చాను. తాళం వెయ్యడం మర్చిపోయాను. కొడుకూ కోడలూ కొత్తింటి పనుల మీద వెళ్ళారు. ఇంట్లో పెద్దమ్మ, పిల్ల, నేను.

కాసేపటికి పిల్ల కేక వినబడింది. పరుగెత్తి వెళ్తే మెట్లమీద కూర్చుని కుడికన్ను నలుపుకుంటోంది. అంతవరకూ కుళాయి దగ్గర ఆడిన తడి చేతులు. వాటికి బూడిదరంగు పొడి.

పెద్దమ్మ ఉరికొచ్చింది. "ఏం వడ్డదే కండ్లల్ల? ఏం వడ్డది బిడ్డా?" అని నావైపు చూసింది.

"గడ్డి నలకై ఉంటుంది పెద్దమ్మా" అన్నాను.

పిల్ల అంత గిలగిల్లాడుతుంటే ఆ మాట ఎలా అనగలిగానో! చేతులు మాత్రం నా కొంగుతో తుడిచేశాను. "నీళ్ళతో కడుగుదామా" అన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. "నలుసుకు నీళ్ళెందుకు" అని ఆమె కంట్లో ఊది ఆముదం చుక్క వేసింది. పక్కనే నిలబడి చూశాను. ఏడుపు ఆగలేదు, రెప్ప ఉబ్బింది. అప్పుడు ఆటో ఎక్కాం.

పిల్ల నా ఒళ్ళో ఉంది. "దీని చేతులకెల్లి ఎల్లిపాయ వాసనొస్తుందేంది?" అంది పెద్దమ్మ. వెల్లుల్లి కాదు, అది కార్బైడ్ వాసన. "జరా తొందరగా పోనియ్యన్నా" అని ఆటో అతని మీద అరిచాను. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగిపోయాం. చెప్పవే, ఇప్పుడైనా చెప్పవే అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. పచ్చలైటు పడింది. చెప్పలేదు.

ఉప్పల్లో కళ్ళ డాక్టరు "ఏం పడింది?" అని అడిగాడు.

"గడ్డి నలుసు సారూ. ఈ టీచరమ్మ సూసింది" అంది పెద్దమ్మ.

నేను అన్నాను కాబట్టి చూసే ఉంటాననుకుంది. డాక్టరు టార్చి తీసుకుని రెప్ప తిప్పబోయాడు. అప్పుడు పెగిలింది నా నోరు. "గడ్డి కాదు సార్. కార్బైడ్."

ఆయన టార్చి పక్కన పడేసి సెలైన్ సీసాలు తెప్పించాడు. నర్సు పిల్ల తల పట్టుకుంది, నేను కాళ్ళు పట్టుకున్నాను. ఎంతసేపు కడిగాడో, ఆ కాళ్ళు ఎంత తన్నుకున్నాయో! "ఇది సున్నంలా తినేస్తుందమ్మా. ఇంటి దగ్గరే కుళాయి కింద పెట్టి కడిగుంటే ఇంత కాకపోను" అన్నాడు.

చూపు దక్కింది. నల్లగుడ్డు అంచున చిన్న తెల్లమచ్చ మాత్రం ఉండిపోయింది. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం కంటికి కట్టుతో పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. వరండా బెంచీ మీద పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె తిట్టలేదు. నాలుగు తిడితే బావుండునని ఎంత అనిపించిందో.

"నీకెప్పుడెరుకైంది బిడ్డా?" అంది.

డాక్టరు అడిగాకే తట్టిందనొచ్చు. ఆమె నమ్మేది. నమ్మాలనే అడుగుతోందని ఆ గొంతులో తెలుస్తూనే ఉంది.

"మెట్లమీద చూసినప్పుడే, పెద్దమ్మా."

ఆమె లేచింది. నిద్ర చెదరకుండా పిల్లను నా భుజం మీది నుంచి తీసుకుని, బెంచీ ఆ చివరకు వెళ్ళి కూర్చుంది.