గోడకు ఆనించిన చెంప

వానలు వెళ్ళాక శృంగవరపుకోటలో మా పాత బంగళా వెనక సున్నపురాళ్ళ మీద నీళ్ళు పోస్తాం. రాళ్ళు బుసలు కొడుతూ విచ్చుకుంటాయి. ఆ వేడి ఆవిరిలో, సున్నంలో కలపడానికి నానబెట్టిన కరక్కాయ వాసన, బెల్లం వాసన కలిసి ముక్కుకు తగిలితే, ప్రార్థన మధ్యలో ఉన్నా నా మనసు దానమ్మత్త దగ్గరకు వెళ్ళిపోతుంది.

ఆ బంగళా మిషనరీ దొరలు కట్టించింది. మా సంఘం మొట్టమొదట కూడుకున్నది దాని ముందు గదిలోనే. దొరలు వెళ్ళిపోయారు, ఇల్లు మిగిలింది. ఆ గోడలకు సున్నం పూసిన తాపీమేస్త్రికి దానమ్మత్త మనవరాలు. తాత తరువాత తండ్రి, తండ్రి తరువాత ఆమె, ఏటేటా ఆ గోడలను చూసుకున్నారు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతమివ్వలేదు. 2011లో నేను సండే స్కూలు చెప్పడానికి వచ్చేనాటికి ఆమెకు అరవై దాటాయి. మొదటి ఉదయమే చూశాను, గోడకు చెంప ఆనించి కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. ప్రార్థన అనుకుని నేనూ తల వంచాను. కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వింది.

"దేవుడితో కాదురా బాబూ, గోడతో మాటాడతన్నాను. సెమ్మ ఉన్నాదో నేదో సెయ్యి సెప్పనేదు, సెంప సెప్తాది."

2013 చివర ఆమె మనవరాలి పురుటికి బొబ్బిలి వెళ్ళింది. క్రిస్మస్ దగ్గర పడింది, పడమటి గోడ పెచ్చులూడుతోంది. సున్నం మాగడానికి నెల కావాలి, సిమెంటుకు ఒక పూట చాలు. దేవుని పనికి ఆలస్యమెందుకని సంఘంలోని యువకులను పోగేసి నేనే సిమెంటు పూయించాను. గోడ నున్నగా తేలింది. ఆరాధన ముగిశాక అందరూ నన్ను మెచ్చుకున్నారు. దానమ్మత్త తిరిగొచ్చి ఆ గోడకు చెంప ఆనించింది. నా వైపు ఒకసారి చూసింది.

మరుసటి అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చింది. సున్నం గోడలు తడిశాయి, ఆరాయి. పడమటి గోడ లోపలికి దిగిన నీటిని మాత్రం సిమెంటు బయటకు పోనివ్వలేదు. గోడ ఉబ్బింది. ఇక ఈ ఇంటి పని అయిపోయిందని, పడగొట్టి స్లాబు హాలు కట్టుకుందామని సంఘ పెద్దలు ఆ ముందు గదిలోనే కూర్చుని తీర్మానం రాయబోయారు. దానమ్మత్త లేచి ఒక్క వేసవి గడువు అడిగింది. గోడ చావలేదని, ఊపిరాడక ఉందని, సిమెంటు తీస్తే ఆరుతుందని చెప్పింది. అసలు సిమెంటు పూసిందెవరని పాస్టరుగారు అడిగారు. ఆయన ఆ ఏడే మాకు కొత్తగా వచ్చారు. పూయించింది నేనని ఆమెకూ తెలుసు, అప్పుడు నన్ను మెచ్చుకున్న పెద్దలకూ తెలుసు. ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది. పాపం ఒప్పుకోవడం గురించి ప్రతి ఆదివారం పిల్లలకు చెప్పే నేను ఆ నిమిషాన ముందువాళ్ళ వెనక్కి ఒదిగాను. చివరికి లేచి, నేనేనని చెప్పి, ఏడ్చేశాను. అంతటితో నా భారం దిగిపోయిందనుకుని కూర్చున్నాను.

"ఒప్పుకున్నావు, బాగానే ఉన్నాది," అంది దానమ్మత్త. "ఏడుపాపి రేపు ఉలి అట్టుకు రా."

గదంతా నవ్వింది. ఆ నవ్వులోనే పెద్దలు వేసవి దాకా ఆగుదామన్నారు.

ఎండలు ముదిరేదాకా ప్రతి పొద్దూ ఆ సిమెంటు చెక్కాను. కోపంతో సుత్తి వేస్తే ఇటుక చిట్లేది. "నెమ్మదిరా. తప్పు నీది, ఇటికిది కాదు," అనేది ఆమె. పశ్చాత్తాపం మీద నేను ఎన్నో వాక్యాలు కంఠతా పట్టినవాడిని. అందులోని బరువు నా చేతులకు తెలిసింది మాత్రం ఆ గోడ దగ్గరే. మే నెలలో ఒక ఉదయం ఆమె చాలాసేపు చెంప ఆనించి, నా చెవి పట్టుకుని దగ్గరకు లాగి, "నువ్వు సూడు," అంది. గోడ చల్లగా ఉంది, తడి లేదు. పెద్దలు కూడా వచ్చి తడిమి చూశారు. ఇల్లు నిలిచింది.

ఆమె ప్రభువు దగ్గరకు వెళ్ళి ఇది రెండో వానకాలం. పునరుత్థానంలో ఆమెను చూస్తానని నాకు సందేహం లేదు. అయినా ఉదయం ఆ గోడ పక్కన ఆమె లేని చోటు చూస్తే ఆమెను మళ్ళీ చూసే ఆ రోజు మరీ దూరంగా కనిపిస్తుంది. సున్నం మాగిందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. అడుగుదామని నోరు తెరిచి, ఆగిపోతాను.

ఆమె పొట్టి మనిషి. ఆమె చెంప ఆనించిన చోటు నా గుండె ఎత్తున ఉంటుంది. అక్కడికి వంగి, నా చెంప ఆనించి, కళ్ళు మూసుకుంటాను. చూసిన పిల్లలు ప్రార్థన అనుకుని తలలు వంచుతారు.