ఉప్పునీళ్లలో బొటనవేలు

ఈ సంగతి జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు బడికి పంపితే మల్లెతోటలో మొగ్గలు కోసే చేతులు తగ్గుతాయని పంపలేదు. యాభై తొమ్మిదో ఏట కోడలు నేర్పింది. మొన్న పాత ఆసుపత్రి కాగితం ఒకటి నేనే కూడబలుక్కుని చదివాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

తిరుచానూరులో గుడి దారిలో పూలు కట్టి అమ్మేదాన్ని. శుక్రవారం అమ్మవారికి ఒక దండ ఇవ్వడం మా ఇంటి మొక్కు. దండ కట్టే చేతులు చేపా మాంసం ముట్టకూడదు. ఒక బుధవారం అరటినార చీలుస్తుంటే బ్లేడు జారి ఎడమ బొటనవేలు తెగింది. తిరుపతి ఆసుపత్రిలో డాక్టరమ్మ, కుట్లకు బదులు కొత్త జిగురు పరీక్షిస్తున్నామని కాగితం చదివి వినిపించింది. నొప్పిలో సగమే విన్నాను. కుడి వేలితో ముద్ర వేశాను.

నెత్తురు ఊరుతుండగానే జిగురు పూసింది. ఆ తడి మీదే పట్టేసింది.

"సముద్రంలో బండలకి ఆల్చిప్పలు అంటుకొని ఉంటాయే, ఎంత అల కొట్టినా వదలవు. వాటి గుట్టు తెలుసుకొని చేసినారమ్మా దీన్ని. తడిసినా ఊడదు" అంది.

నేను సముద్రం చూడలేదు.

ఇంటికొచ్చి చెబితే, నాతో కూర్చుని పూలు కట్టే మా వదిన చేతిలో నార ఆగింది.

"ఆల్చిప్పంటే నీచే కదా. ఆ చేత్తో దండ కడతావా?"

"చచ్చిపోయిందేమోలే వదినా."

"చచ్చింది ఎట్ల పట్టుకుంటాది? బతికే ఉండాది. నీ యేలు బండనుకొనుండాది."

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

గురువారం పూలబకెట్లో చెయ్యి పెడితే వేళ్లన్నీ నాని ముడతలు పడ్డాయి. జిగురు పట్టిన గీత మాత్రం మూసుకున్న పెదవుల్లా నున్నగా ఉంది. దండ కట్టకపోతే మొక్కు తప్పుతుంది, కడితే అపచారం. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్టీలు గిన్నెలో నీళ్లు పోసి నాలుగు గుప్పెళ్ల కల్లుప్పు వేశాను. ఆల్చిప్ప తన నీళ్లు గుర్తుపట్టి వదిలేస్తుందని ఆశ. వేలు ముంచి కూర్చున్నాను.

"ఇంక పో తల్లీ" అన్నాను.

గాయం మండలేదు. మండకపోవడమే భయం పుట్టించింది. వేలి లోపల ఏదో మెల్లగా బిగిసింది, వదిలింది, మళ్లీ బిగిసింది. ఫ్యాను ఆపే ఉంది. నేను కదలలేదు. అయినా నా వేలి దగ్గర పుట్టిన సన్నటి వలయాలు ఒకదాని వెనక ఒకటి గిన్నె అంచుదాకా పోతున్నాయి.

సాయంత్రానికి బిగువు తగ్గింది. దిగిపోయిందనుకున్నాను. కానీ ఆ నీళ్లు ఎక్కడ పారబోయాలి? కాలవలో పోస్తే అది చస్తుంది. గిన్నె మీద మూత పెట్టి, మూత మీద సన్నికల్లు పొత్రం పెట్టాను.

ఆ జిగురులో ఏ జీవి పదార్థమూ లేదని మొన్న చదివిన కాగితంలో ఉంది. డాక్టరమ్మ ఆ రోజు అదీ చదివే ఉంటుంది. ఇప్పటికీ ఆ వలయాలు గుర్తొస్తే వేలు పిడికిట్లో దాచుకుంటాను.

శుక్రవారం పొద్దున ఆ నీళ్లు సీసాలో పోసుకుని, లాడ్జి ముందు చెన్నై వ్యాను ఎక్కుతున్న ఒక పెద్దావిడకు ఇచ్చాను.

"తీర్థమా అమ్మా?"

"కాదక్కా. సముద్రానిది. ఆడ పోసేయండి."

ఆమె నా ముఖం చూసింది. సీసాను కొంగులో చుట్టుకుంది. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికొచ్చి తలకు పోసుకుని దండ కట్టడానికి కూర్చున్నాను.